రెండో అంతస్తు దాకా సువార్త

ఆ ఏడంతస్తుల భవనంలో లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకు తెలుసు, దేవుడికి తెలుసు. మిగతావాళ్ళకు ఎప్పుడూ అవసరం పడలేదు.

లిఫ్టు చాలా పాతది. బొత్తాం నొక్కితే తనంతట తాను కదిలే రకం కాదు. ముందు జారుడు కటకటాల తలుపు లాగి వేయాలి, తర్వాత ఇత్తడి పిడి తిప్పి పట్టుకోవాలి, లిఫ్టు నేలా అంతస్తు నేలా ఒక మట్టానికి వచ్చే చోట సరిగ్గా వదలాలి. తన చేయి పడితే ఆ రెండు నేలల మధ్య చీమ కాలు కూడా తట్టుకోదని బాబాయే చెబుతాడు. ఆ మాట ఇంకెవరైనా చెబితే బాగుండునని కూడా ఆయనకుంది.

బాబాయ్ విశ్వాసి. పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. పాస్టరుగారు చెప్పే మాటల్లో ఒకటి ఆయన్ని మరీ గట్టిగా పట్టుకుంది: విశ్వాసి అన్నవాడు తాను పనిచేసే చోటే సాక్షిగా నిలబడాలి. సంఘంలో మిగతావాళ్ళకు దీంతో చిక్కే. తాపీమేస్త్రీ గోడకు సువార్త చెప్పలేడు. లెక్కల టీచరమ్మకు సిలబస్సే పూర్తి కాదు. బాబాయ్‌కి మాత్రం దేవుడే ఒక ప్రసంగ వేదిక కట్టించి, దానికి తలుపు బిగించి, ఇనప తాళ్ళతో పైకీ కిందకీ లాగిస్తున్నాడు. వినేవాళ్ళకు పారిపోయే దారి కూడా లేదు.

అందుకని ఆయన ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు. కింద తలుపు వేయగానే, దేవుడు చక్కటి ఉదయం ఇచ్చాడండీ అని మొదలుపెట్టేవాడు. మొదటి అంతస్తు వాళ్ళు లిఫ్టెక్కడానికి సిగ్గుపడతారు కాబట్టి అక్కడ ఆగే పని ఉండదు. ఆ అంతస్తు దాటుతుండగా గొంతు తగ్గించి, "కానీ మనందరం పాపులం కదండీ" అనేవాడు. ఆ మాటతో రెండో అంతస్తు వచ్చేది. మూడో అంతస్తు వకీళ్ళది. పాపానికి శిక్ష తప్పదన్న మాట చెవిన పడుతుండగా వాళ్ళు దిగేవాళ్ళు. శిక్షల గురించి రోజంతా వినేవాళ్ళే కనక పట్టించుకునేవాళ్ళు కాదు. నాలుగు దాటాక దేవుడి ప్రేమ మొదలయ్యేది. ఐదులో ఆయన తన కుమారుణ్ణి పంపేవాడు, ఆరు దగ్గర సిలువ. ఏడో అంతస్తు చేరేసరికి, అడిగినవాడికి క్షమాపణ ఉందనీ, మనసుకు నెమ్మది ఉందనీ తేలేది. అక్కడ పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి. నెమ్మది అన్న మాట వెంటనే తలుపు తెరుచుకుని, లోపల్నుంచి డ్రిల్లు చప్పుడు వినపడేది.

కిందకి వెళ్ళేవాళ్ళతో ఆయన మాట్లాడడు. ఇంటికెళ్ళే తొందరలో ఉన్నవాళ్ళకు ఏమీ ఎక్కదని ఆయన అనుభవం. పైగా పిడి ఉన్నది ముందు గోడకు. ప్రసంగం సాగినంతసేపూ జనానికి ఆయన వీపు మాత్రమే కనపడేది, ఆయనకు పిడి మాత్రమే కనపడేది.

ఒక రోజు భవనం మేనేజరు పిలిపించాడు. మేనేజరు బాబాయ్ కన్నా బాగా చిన్నవాడు. ఎవర్నైనా తిట్టాల్సి వస్తే ముందు కుర్చీ చూపిస్తాడు.

"కూర్చో బాబాయ్."

బాబాయ్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రెండో అంతస్తు నుంచి ఫిర్యాదొచ్చింది."

"లిఫ్టు మట్టంగా ఆగట్లేదన్నారా అండీ?"

"లిఫ్టు సంగతి కాదు. నువ్వు రోజూ పొద్దున్నే వాళ్ళని పాపులంటున్నావట."

"నేనూ ఉన్నానండీ అందులో. మనం అనే అంటాను."

"మనం అన్నా మీరు అన్నా, పనిలోకి వచ్చే వేళ అలాంటి మాట ఎవరికి బాగుంటుంది చెప్పు. హెడ్ క్లర్కు మేడమ్ స్వయంగా వచ్చి చెప్పింది. ఆవిడ ఊరికే నోరు జారే మనిషి కాదు."

"అది సువార్తండీ. అంటే మంచి వార్త."

"మంచిదైతే ఫిర్యాదెందుకొస్తుంది బాబాయ్? చూడు, లిఫ్టులో దేవుడి మాట ఎత్తకూడదు. ఎత్తనని నాకు మాటివ్వు. ఇప్పటికే బొత్తాల లిఫ్టు పెట్టమని ఓనర్లు నా ప్రాణం తీస్తున్నారు. బొత్తాలు ఎవర్నీ ఏమీ అనవు."

బాబాయ్ మాటిచ్చాడు. ఇచ్చాక మళ్ళీ కుర్చీ సర్ది, లైటు ఆర్పి మరీ వచ్చాడు, మేనేజరు ఇంకా గదిలోనే ఉన్నాడని మర్చిపోయి.

ఇంట్లో ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను తొక్కుతూనే సంగతంతా విన్నది.

"అయితే ఇవాళ పొద్దుట్నుంచీ నోరు మూసుకునే ఉన్నారా?"

"ఉన్నాను."

"సాయంత్రం దాకా?"

"ఊఁ."

"ఆ హెడ్ క్లర్కమ్మ ఎవరో నాకోసారి చూపించండి. మనింటి గురించి కూడా ఓ ఫిర్యాదు ఇప్పించుకుంటాను."

బాబాయ్ నవ్వలేదు. కానీ ఆదివారం వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. సంఘంలో సాక్ష్యాలు చెప్పే సమయం రాగానే లేచి నిలబడి, లిఫ్టులో తన నోరు కట్టేశారని చెప్పాడు. మామూలుగా ఆయన సాక్ష్యమంటే కునికిపాట్లు పడే వెనక వరస నిటారుగా కూర్చుంది. పాస్టరుగారు బాబాయ్ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, బైబిల్లో ప్రవక్తలా సింహాల గుహలో ఉన్నట్టున్నావు నాయనా అని కళ్ళు ఒత్తుకుంది. బయటికి వచ్చేటప్పుడు బాబాయ్ మెడ కాస్త ఎత్తి నడిచాడు.

"సింహం జీతం ఆపలేదుగా," అంది భార్య, ఇంటికి వస్తూ దారిలో.

సింహాల గుహ వైభవం బుధవారం దాకానే నిలిచింది.

ఆ రోజు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నర్సు పిల్ల కింద లిఫ్టెక్కింది. ఆ అమ్మాయి గలగలా మాట్లాడుతుంది. రెండో అంతస్తులో గంట మోగితే బాబాయ్ ఆపాడు. బుగ్గకు చేతిరుమాలు అదుముకుని హెడ్ క్లర్కు మేడమ్ లోపలికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ రెండు దాటి పైకి వెళ్ళడం అదే మొదటిసారి. సాయంత్రాలు మెట్ల మీదే దిగిపోతుంది.

"ఏడుకి," అంది, పన్ను కదలకుండా.

"పంటి నొప్పా ఆంటీ?" అంది నర్సు. "ఏం భయపడకండి, మా డాక్టరుగారు ఇట్టే తీసేస్తారు. బాబాయ్, ఆంటీకి కాస్త ధైర్యం చెప్పు."

బాబాయ్ పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంటి బాబాయ్, ఈ మధ్య మౌనవ్రతమా? నిన్న ఒక పేషెంటు అడిగాడు, లిఫ్టులో మంచి మాట చెప్పే ఆయన సెలవులో ఉన్నాడా అని."

"మాట్లాడడమ్మా," అంది హెడ్ క్లర్కు. "నేనే మాన్పించాను."

"అయ్యో, ఎందుకాంటీ?"

"రోజూ పొద్దున్నే ఎక్కీ ఎక్కగానే పాపివి అంటే నువ్వయితే ఊరుకుంటావా?"

"పాపా? మాకెప్పుడూ అలా అన్లేదే."

"నాకు రోజూ అంటాడు. పాపివి అని చెప్పి తలుపు తీస్తాడు, ఇక దిగిపో అన్నట్టు."

నర్సు కాసేపు ఆలోచించింది. "ఓ, అదా. అది మొదట్లో వస్తుందాంటీ. తర్వాత బోలెడుంది."

"ఏముంది తర్వాత?"

"ప్రేమా, క్షమాపణా... నాకు బాబాయ్ అంత బాగా రాదు. అసలుది నాలుగు దాటాక మొదలవుతుంది."

"నేను రెండులో దిగిపోతాను."

"అవును కదా," అంది నర్సు, తనకు కూడా ఆ సంగతి అప్పుడే తట్టినట్టు.

బాబాయ్ నోట్లో మాట గంతులేస్తోంది, మింగాడు. పళ్ళు బిగపట్టి పిడి వైపే చూస్తుండగా వెనక నుంచి హెడ్ క్లర్కు గొంతు మళ్ళీ వినపడింది. ఈసారి నెమ్మదిగా, ఎవరితోనూ కానట్టు.

"అందర్నీ అంటాడని తెలీదు. మనందరం అన్నా నన్నే అంటున్నాడనుకున్నా. నా సంగతి ఈయనకెలా తెలిసిందా అనుకునేదాన్ని."

లిఫ్టు ఏడో అంతస్తు నేల కన్నా జానెడు పైన ఆగింది. నర్సు దిగబోయి తూలింది.

"ఏమైంది బాబాయ్ నీకు?"

బాబాయ్ లిఫ్టు కిందకి దించి సరిచేశాడు. దిగుతూ హెడ్ క్లర్కు నర్సుతో అంటోంది, శనివారంతో తమ ఆఫీసు ఈ భవనం ఖాళీ చేస్తోందని, కొత్త చోట లిఫ్టు బొత్తాలదేనని.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన చెప్పింది విని భార్య మిషను ఆపేసి మరీ నవ్వింది.

"చేదు మాత్ర రెండో అంతస్తులో మింగించి, పంచదార తీసుకెళ్ళి ఏడో అంతస్తులో దాచారన్నమాట."

"నవ్వకు."

"అంతమంది సంఘంలో లేచి ప్రార్థన చేశారే. హెడ్ క్లర్కమ్మ కోసం చేయాల్సింది పోయి."

అప్పుడు ఆయన ముఖం చూసి నవ్వు ఆపింది.

"ఆవిడ నాకేదో తెలుసనుకుంది," అన్నాడు బాబాయ్. "నాకేం తెలుసు? నేనావిడ మొహమే సరిగ్గా చూళ్ళేదు. ఇన్నేళ్ళూ చెప్పాను చెప్పాను అనుకుంటూ ఆదివారాలు లేచి గొప్పలు పోయాను. ఆవిడ మటుకు రోజూ ఆ ఒక్క ముక్కే పట్టుకెళ్ళి కుర్చీలో కూర్చుంది. శనివారం పోతే మళ్ళీ కనపడదు. ఆ ముక్కతోనే వెళ్ళిపోతుంది."

"అయితే మిగతాది చెప్పేయండి."

"మాటిచ్చాను కదా. ఇచ్చిన మాట తప్పి దేవుడి మాట చెబితే అదేం సాక్ష్యం?"

ఆవిడ దారం కొరికి, కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది. "మేనేజరు ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి."

"లిఫ్టులో దేవుడి మాట ఎత్తకూడదన్నాడు."

"మెట్ల మీద?"

"మెట్ల ఊసు రాలేదు."

"రాలేదు కదా."

బాబాయ్ తెల్లబోయి చూశాడు. ఆ భవనంలో మెట్లున్నాయని ఆయనకు తెలియకపోలేదు. కానీ లిఫ్టు నడిపేవాడు మెట్లెక్కడమంటే హోటలు వంటవాడు పక్క హోటల్లో భోంచేసినట్టు ఉంటుందని ఆయన ఎప్పుడూ వాటి జోలికి పోలేదు.

శనివారం పొద్దుట్నుంచీ లిఫ్టులో మనుషుల కన్నా బీరువాలే ఎక్కువ దిగాయి. భోజనాల వేళ లిఫ్టు ఆపి తాళం వేస్తారు. సామాను మోసేవాళ్ళు కింద గోడ నీడన కూలబడ్డారు. బాబాయ్ తాళం వేసి, క్యారేజీ తెరవకుండానే పక్కన పెట్టి, మెట్ల దారి పట్టాడు. రెండో అంతస్తు చేరేసరికే ఆయనకు ఒకటి అర్థమైంది. ఇంతకాలం తాను పైకెళ్ళడం అనుకున్నది పైకెళ్ళడం కాదు.

ఆఫీసు హాలు బోసిగా ఉంది. బీరువాలు తీసిన చోటల్లా గోడ మీద కొత్త సున్నం రంగు మడతలు విప్పిన గుడ్డలా నిలువుగా కనపడుతోంది. హెడ్ క్లర్కు మేడమ్ ఒక్కతే కింద పరిచిన పాత పేపర్ల మధ్య నిలబడి, కలాలు పెట్టుకునే గాజు గ్లాసు చుట్టి సంచిలో పెడుతోంది. బుగ్గ వాపు తగ్గింది.

"ఏం బాబాయ్, లిఫ్టు చెడిపోయిందా?"

"లేదమ్మా. మీతో ఒక మాట చెప్పాలని. లిఫ్టులో చెప్పనని మాటిచ్చాను."

"నేనే ఇప్పించాను."

"అవునమ్మా. అందుకే మెట్లెక్కి వచ్చాను. మీకు సగమే చెప్పాను. మీరు రెండులో దిగిపోతారన్నది నేను చూసుకోలేదు. తప్పు నాదే."

ఆవిడ గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకుంది. "సరే, చెప్పండి. వింటాను."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. దేవుడు చక్కటి ఉదయం ఇచ్చాడు అని మొదలైంది, అప్పటికి మధ్యాహ్నం అయినా. మనందరం పాపులం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. మళ్ళీ మొదట్నుంచీ అందుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట తర్వాత తలుపు తీయడమే ఆయన నాలుకకు అలవాటు. పక్క నుంచి అంతస్తులు జారిపోతుంటే తప్ప మిగతా ముక్క దానికి తోచదు.

"నిలబడి చెబితే రావట్లేదమ్మా," అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

హెడ్ క్లర్కు పెదవి బిగబట్టింది. నవ్వుని ఆపుకోవడానికని తెలుస్తూనే ఉంది. "మరేం చేద్దాం?"

"ఎక్కుతూ చెబుతానమ్మా. మీకు అభ్యంతరం లేకపోతే."

"ఏడో అంతస్తు దాకానా?"

"అక్కడ అయిపోతుంది."

ఆవిడ ఖాళీ హాలు వైపు ఒకసారి చూసింది, సంచి భుజానికి తగిలించుకుంది. "పన్ను పోయింది గాని కాళ్ళు బాగానే ఉన్నాయి. పదండి."

మూడో అంతస్తు దాకా బాగానే సాగింది. పాపానికి శిక్ష తప్పదని ఆయన అంటుండగా ఒక వకీలు ఎదురొచ్చి, ఆవిడ వంక జాలిగా చూసి దిగిపోయాడు. నాలుగో అంతస్తు మెట్ల మధ్యలో, సరిగ్గా దేవుడి ప్రేమ మొదలు కావాల్సిన చోట, బాబాయ్‌కి ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. ప్రేమించాడు అన్న మాట నోట్లోంచి రాకుండా చేత్తో గాలిలో ఊపి చూపించాడు.

"తొందర లేదు, కూర్చోండి," అని ఆవిడ కూడా ఒక మెట్టు పైన కూర్చుంది.

కింద ఎక్కడో కొళాయి చుక్కలు పడుతున్న చప్పుడు. ఆయన ఎగశ్వాస దిగశ్వాసలు. మాట్లాడేవాడు మాట్లాడలేకపోతే పక్కనున్న మనిషికి మాట వస్తుంది కాబోలు, కాసేపటికి ఆవిడ అంది.

"నాకో చెల్లెలుంది."

బాబాయ్ తలెత్తాడు.

"మా అమ్మకి బాగా లేనప్పుడు దానికి కబురు పెట్టలేదు. మా ఇద్దరికీ అప్పటికి మాటల్లేవు. ఎందుకో ఇప్పుడు చెబితే నవ్వుతారు. ఇవాళ పెడదాం, రేపు పెడదాం, అదే ముందు ఫోను చేస్తుందిలే అనుకున్నా. అన్నీ అయిపోయాక వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అలాగే చూసి వెళ్ళిపోయింది."

బాబాయ్ ఏదో అనబోయాడు. ఊపిరి రాలేదు. రాకపోవడమే మంచిదయింది.

"ఆ తర్వాత నేనీ ఆఫీసుకి మారాను. మొదటి రోజు లిఫ్టెక్కగానే మీరా మాటన్నారు. వెనక్కి తిరగను కూడా లేదు. మొహం చూడకుండానే కనిపెట్టాడు అనుకున్నా. మర్నాడు మళ్ళీ అన్నారు."

"అమ్మా," అన్నాడు బాబాయ్ ఎట్టకేలకు. "నేను వెనక్కి తిరగంది పిడి వదిలితే లిఫ్టు ఆగిపోతుందని."

ఆవిడ ఈసారి నవ్వు ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన మొదటిసారి ఆవిడ ముఖం చూశాడు. కళ్ళజోడు ముక్కు మీద చేసిన రెండు ఎర్రటి గుంటలు, పన్ను తీసిన వైపు ఇంకా కొంచెం ఉబ్బిన బుగ్గ.

మళ్ళీ లేచారు. ఐదో అంతస్తులో, దేవుడు తన కుమారుణ్ణి పంపాడని చెప్పి ఆగాడు. ఆరు దగ్గర సిలువ అన్నాడు, రెయిలింగు పట్టుకుని. మధ్యలో ఉండే చక్కటి మాటలన్నీ, ఆదివారాలు అద్దం ముందు నేర్చుకున్న వాక్యాలన్నీ ఆయాసంలో రాలిపోయాయి. ఏడో అంతస్తు చేరేసరికి ఆయన దగ్గర మిగిలింది పిడికెడు.

"క్షమిస్తాడమ్మా," అన్నాడు. "ఎంత పెద్దదైనా. అడిగితే చాలు. మనం అడగడానికి బయల్దేరితే ఆయన ఎదురొస్తాడు. నన్నూ అలాగే క్షమించాడు, ఇప్పటికీ రోజూ క్షమిస్తున్నాడు. ఈ మెట్ల మీద కూడా ఆయనకి నాతో కొంచెం పని పడింది."

ఆవిడ ఆగి వింది. ఇంకా ఉందేమోనని చూసింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"ఇది మొదటి అంతస్తు లోపలే అయిపోయేది కదండీ."

బాబాయ్ కాసేపు లెక్క వేసుకున్నాడు. నిజమే. ఇంకా చక్కటి ఉదయానికి కూడా చోటు మిగిలేది.

నర్సు పిల్ల ఆస్పత్రి తలుపు తీసి, మెట్ల దగ్గర ఇద్దర్నీ చూసి, "లిఫ్టుకేమైంది బాబాయ్?" అంది. హెడ్ క్లర్కు ఏదో ధ్యాసలో లిఫ్టు గంట నొక్కింది. ఇద్దరూ తలుపు ముందు నిలబడి ఎదురుచూశారు. లిఫ్టు తీసుకురావాల్సిన మనిషి తన పక్కనే నిలబడి తనతోపాటు ఎదురుచూస్తున్నాడన్న సంగతి ముందు తట్టింది ఆవిడకే.

మళ్ళీ మెట్లే. ఐదు దాటాక ఆవిడ నడక నెమ్మదించింది. నాలుగు దగ్గర సంచిలోంచి ఫోను తీసి చేతిలో పట్టుకుని నిలబడింది.

"నంబరు మారిపోయి ఉంటుందేమో."

"చూడండమ్మా."

"తియ్యదేమో."

"అదీ చూడండి."

"దేవుడు క్షమిస్తాడన్నారు. మా చెల్లెలు క్షమిస్తుందని మీరేం చెప్పలేదు."

బాబాయ్ తన ప్రసంగమంతా ఏడో అంతస్తు దాకా వెతికి చూశాడు. "నాకు తెలీదమ్మా," అన్నాడు. "నేను కింద కూర్చుంటాను."

మెట్ల మలుపు తిరిగి, ఆవిడకు కనపడనంత దూరంలో కూర్చున్నాడు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాడు గాని, నేర్చుకున్న ప్రార్థన ఒక్కటీ రాలేదు. తీస్తే బాగుండు తండ్రీ అన్నాడు. అప్పుడు పైనుంచి ఆవిడ గొంతు, చాలా చిన్నగా: "నేనే."

భోజనాల వేళ దాటిపోయింది. కింద గంట మోగుతూనే ఉంది. సామాను మోసేవాళ్ళు కటకటాలు బాదుతున్నారు. ఎవరో బాబాయ్ అని కేకేశారు. ఆయన కదల్లేదు. ఆయన లేస్తే చెప్పుల చప్పుడవుతుంది. పైన మాట తెగుతుందేమోనని భయం.

చివరికి మేనేజరే మెట్లెక్కి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది, ముఖం కందిపోయింది.

"లిఫ్టుకి తాళం వేసి ఇక్కడ కూర్చున్నావేంటి బాబాయ్? కింద వాళ్ళు తలుపు విరగ్గొట్టేలా ఉన్నారు."

"వస్తున్నానండీ. కాస్త మెల్లిగా మాట్లాడండి."

పై మలుపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. మేనేజరు మెడ సాచి చూశాడు. హెడ్ క్లర్కు మేడమ్ వాళ్ళకు వీపు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ మొదలుపెట్టావా? ఆవిడ ఏడుస్తోంది."

"లిఫ్టులో ఒక్క మాట ఎత్తలేదండీ."

"మరి?"

"చెల్లెలితో మాట్లాడుతున్నారు."

మేనేజరు ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఎక్కి వచ్చిన ఆయాసానికి ఆ అనేదేదో రాలేదు. బాబాయ్ పక్కకు జరిగి చోటిచ్చాడు. కాసేపు చూసి, రెయిలింగు పట్టుకుని, అతనూ మెట్టు మీద కూలబడ్డాడు.

పైన గొంతు కొంచెం పెరిగింది. "కాదే, ముందు నా మాట విను... లేదు, లేదు... సరే, నువ్వే చెప్పు. చెప్పవే, వింటున్నా."

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు మేనేజరు, గుసగుసగా.

"తెలీదండీ," అన్నాడు బాబాయ్. "చాలా ఏళ్ళ మాటలున్నట్టున్నాయి."